కోవిడ్ కాలంలో మన రెండు రాష్ట్రాల్లో ‘ఎమర్జెన్సీ’ పెట్టారా? ఏ చట్టం కింద, ఏ సెక్షన్ కింద?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పంచాయతీ కార్యదర్శులకు, వార్డు సచివాలయ సిబ్బందికి అంటువ్యాధి సమయంలో ఆంక్షల ఉత్తర్వుల మీద ఒక శిక్షణ నోట్సు తయారవుతోంది. చిత్తుప్రతిలో ఒక వాక్యం దగ్గర బండి ఆగింది: ‘2020 మార్చిలో రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి విధించారు.’ వినడానికి బాగానే ఉంది గానీ, పాత జీవోలు ఎన్ని తిరగేసినా ‘అత్యవసర పరిస్థితి విధించడమైనది’ అన్న మాట తగలడం లేదు. ఒక దాంట్లో 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది, మరో దాంట్లో 2005 విపత్తు నిర్వహణ చట్టం. పోలీసు కమిషనర్ల ఉత్తర్వుల్లో 144. కొన్నిట్లో మూడూ కలిపి కొట్టేశారు.

అసలు రాజ్యాంగం ప్రకారం ఎమర్జెన్సీ పెట్టారా లేదా? పెట్టకపోతే దుకాణాలు మూయించింది, బళ్లు ఆపింది, ఊళ్లకు కంచెలు వేసింది ఏ అధికారంతో? రేపు ఇంకో రోగం వస్తే కింది స్థాయి ఉద్యోగి ఏ కాగితం చూసుకుని ముందడుగు వేయాలి? తెలిసినవాళ్లు సెక్షన్లతో సహా చెబితే మేలు.

నల్లకోటు

ఆ వాక్యం కొట్టేయండి. మన దేశంలో కోవిడ్‌కి రాజ్యాంగబద్ధమైన ఎమర్జెన్సీ ఎక్కడా, ఒక్క రోజు కూడా పెట్టలేదు. పెట్టడానికి దారి కూడా లేదు.

352వ అధికరణం యుద్ధానికి, బయటి దురాక్రమణకు, సాయుధ తిరుగుబాటుకు. ‘అంతర్గత కల్లోలం’ అనే పాత మాటను 1978లో 44వ సవరణ తీసేసింది, కాబట్టి రోగాన్ని అందులో ఇరికించే సందు కూడా పోయింది. దేశంలో కొంత భాగానికి మాత్రమే 352 పెట్టే వీలుంది గానీ కారణాలు మాత్రం అవే మూడు. 356 అంటే రాష్ట్రంలో రాజ్యాంగ యంత్రాంగం కుప్పకూలడం. మంత్రివర్గం రోజూ కూర్చుని సమీక్షలు చేస్తుంటే అది వర్తించదు. 360 ఆర్థిక ఎమర్జెన్సీ, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు.

మరి పని నడిచింది దేనితో? మామూలు చట్టాలతోనే. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రోగం పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. ఈ రెండు గీతల మధ్యే తరువాతి గొడవలన్నీ జరిగాయి.

1897 చట్టం బొంబాయి ప్లేగు కాలంలో, ఆ ఏడాది ఫిబ్రవరి 4న వచ్చింది. నాలుగే సెక్షన్లు, తర్వాత 2ఏ చేరింది. కీలకం సెక్షన్ 2. ‘రాష్ట్రంలో గానీ, రాష్ట్రంలోని ఏదైనా భాగంలో గానీ’ ప్రమాదకరమైన అంటువ్యాధి వచ్చిందని లేదా రాబోతోందని రాష్ట్ర ప్రభుత్వం సంతృప్తి చెందాలి. అమల్లో ఉన్న మామూలు చట్టాలు చాలవని కూడా అనుకోవాలి. అప్పుడు బహిరంగ ప్రకటన ద్వారా తాత్కాలిక నిబంధనలు చేయవచ్చు. ‘ఏదైనా భాగం’ అన్న ఆ రెండు మాటలే జనం ‘ప్రాంతీయ ఎమర్జెన్సీ’ అనుకునేదానికి, అంటే ఒక ప్రాంతానికే పెట్టే ఆంక్షలకు, అసలు పునాది. ఒక మండలానికి, ఒక వార్డుకు కూడా నిబంధన పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్ తన కోవిడ్ నిబంధనలను 2020 మార్చి 13న ఇచ్చింది, తెలంగాణ మార్చి 21న.

ఒక పిట్టకథ, అవసరమైందే. ఈ 1897 చట్టం పాఠంలో 2020 దాకా ‘1956 నవంబరు 1కి ముందు పార్ట్-బి రాష్ట్రాలుగా ఉన్న ప్రాంతాలు మినహా’ అని ఉండేది. హైదరాబాద్ పార్ట్-బి రాష్ట్రమే! అంటే కేంద్ర చట్టం అక్షరాలా చదివితే పాత నిజాం ఇలాకా దాని పరిధిలో లేదు. అక్కడ 1950 నాటి హైదరాబాద్ అంటువ్యాధుల చట్టం వేరే ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం వారసత్వంగా వచ్చింది. ఆ మినహాయింపు మాటల్ని 2020 సవరణ తీసేసింది. నోట్సులో పాత ముద్రణ ప్రతి జతచేస్తే ఇక్కడ తప్పులో కాలేస్తారు.

రెండోది 2005 విపత్తు చట్టం. మార్చి 24న ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు గదా, దాని వెనక కాగితాలు రెండు. సెక్షన్ 6(2)(ఐ) కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆదేశం ఒకటి, 10(2)(ఎల్) కింద కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఒకటి. ఈ చట్టం 1897 చట్టానికి పూర్తి భిన్నమైన పనిముట్టు. పైనుంచి కిందికి గొలుసు ఉంటుంది: ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర సంస్థ, ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కార్యనిర్వాహక కమిటీ, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంస్థ. పైవాడు ఇచ్చిన ఆదేశాన్ని కిందివాడు ఇంకా బిగించవచ్చు, సడలించకూడదు. 2020 ఏప్రిల్‌లో కేరళ చిన్న పట్టణాల్లో హోటళ్లు, బస్సులు తెరవబోతే కేంద్రం ఉత్తరం రాసింది, కేరళ వెనక్కి తగ్గింది. అదే సమయంలో తెలంగాణ కేంద్రం పెట్టిన మే 3ను దాటి మే 7 వరకు, ఆ తర్వాత మే 29 వరకు పొడిగించుకుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. గొలుసు ఒకవైపే తిరుగుతుంది.

ఫైలుదారం

నల్లకోటు గారు పునాది చెప్పారు. కింది ఉద్యోగికి కావలసింది కాగితం పరీక్ష, అది చెబుతాను.

ఉత్తర్వు చేతికి రాగానే మొదట పైన ‘ఏ అధికారంతో’ అన్న పేరా చదవాలి. 1897 చట్టం సెక్షన్ 2 అని ఉంటే అది రాష్ట్ర ప్రభుత్వం నుంచి రావాలి, లేదా ఆ నిబంధనల్లో అధికారం అప్పగించిన అధికారి నుంచి రావాలి. కలెక్టర్ సొంతంగా ‘సెక్షన్ 2 కింద’ అని సంతకం పెడితే, ఏ నిబంధన ద్వారా ఆయనకు ఆ అధికారం వచ్చిందో అందులో రాసి ఉండాలి. రాయకపోవడమే అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం. విపత్తు చట్టం సెక్షన్ 34 అయితే కలెక్టర్ జిల్లా సంస్థ అధ్యక్షుడి హోదాలో ఇస్తారు, కాబట్టి ఉత్తర్వు తలకట్టు ‘జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ’ పేరుతో ఉండాలి. ‘జిల్లా మేజిస్ట్రేట్ కార్యాలయం’ లెటర్‌హెడ్ మీద 34 కొట్టడం అంటే రెండు టోపీలు ఒకేసారి పెట్టుకోవడం.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144 సంగతి వేరు. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163. కమిషనరేట్లలో ఆ అధికారం పోలీసు కమిషనర్ది. గడువు రెండు నెలలు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మాత్రమే ఇంకో ఆరు నెలల దాకా పొడిగించగలదు. ఈ సెక్షన్‌తో ‘ఇది చేయకు’ అనవచ్చు గానీ ‘ఫలానా కల్యాణమండపం మాకివ్వు’ అనలేం. భవనం గానీ, బండి గానీ కావాలంటే విపత్తు చట్టం సెక్షన్ 65 ఉంది, దానికి పరిహారం సెక్షన్ 66లో. స్థానికంగా నడిచే అద్దె ఆధారంగా లెక్క కట్టాలి. యజమానికి నచ్చకపోతే 30 రోజుల్లో మధ్యవర్తికి పంపమని అడగొచ్చు. స్వాధీనం రోజున పంచనామా, ఫొటోలు, మీటరు రీడింగు, ఫర్నిచర్ జాబితా తీసుకోకపోతే రెండేళ్ల తర్వాత అద్దె లెక్క దగ్గర కళ్లు తేలేయాల్సిందే. క్వారంటైన్ కేంద్రాలుగా వాడే కళాశాలల విషయంలో ముందు ఈ చిక్కే వస్తుంది.

తరువాత హద్దులు. ‘పట్టణంలో’ అని రాస్తే సరిపోదు, సర్వే నంబర్లో వీధుల పేర్లో ఉండాలి. 2020లో కంటైన్‌మెంట్ జోన్ అంటే కేసు చుట్టూ ఒక చుట్టుకొలత, దాని బయట నిఘా ఉంచే బఫర్. చివరి రోగి కోలుకున్నాక 28 రోజులు కొత్త కేసు లేకపోతే ఎత్తివేత. ఈ ఎత్తివేత ఉత్తర్వు విడిగా రాకపోవడం పెద్ద తలనొప్పి. గడువు తేదీ రాయని ఉత్తర్వును ఎవరూ రద్దు చేయరు, వీధి చివర వెదురు బొంగులు మాత్రం నెలల తరబడి అలాగే ఉంటాయి.

రంగుల జిల్లాల (కేసుల తీవ్రతను బట్టి కేంద్రం వేసిన రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్ల) గురించి కూడా మీ నోట్సులో ఒక పేరా పెట్టండి, ఎందుకంటే అసలు పాఠం అక్కడుంది. 2020 మే 1 నాటి కేంద్ర జాబితాలో దేశం మొత్తం మీద 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్ జిల్లాలు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి 13 జిల్లాలే: కృష్ణా, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, చిత్తూరు రెడ్. గ్రీన్ ఒక్క విజయనగరం. మిగతా ఏడూ ఆరెంజ్. తెలంగాణలో 33 జిల్లాలకు ఆరు రెడ్, 18 ఆరెంజ్, తొమ్మిది గ్రీన్. తెలంగాణలో రోగం తక్కువగా ఉందని దీని అర్థం కాదు, జిల్లాలు చిన్నవి. కర్నూలు పట్టణంలో కేసులు వస్తే అక్కడికి నూరు కిలోమీటర్ల అవతలి ఆదోని వైపు పల్లె కూడా ఎర్రరంగులో పడింది. గ్రీన్ కావాలంటే జిల్లా మొత్తంలో 21 రోజులు కొత్త కేసు ఉండకూడదు. పెద్ద జిల్లాకు అది దాదాపు అసాధ్యం. మే 17 నాటి హోం శాఖ ఉత్తర్వుతో జోన్లు గీసే పని రాష్ట్రాలకు వదిలేశాక గానీ ఈ చిక్కు విడలేదు. ఆంక్ష ఎంత కఠినమన్నదాని కంటే ఏ గీత లోపల అన్నదే ఎక్కువ ముఖ్యం. కానీ సమీక్షల్లో మాత్రం గంటసేపు మొదటి దాని మీదే మాట్లాడతారు.

అమీనా

కేసుల భాగం ఎవరూ ముట్టుకోలేదు, అది నేను రాస్తా.

1897 చట్టం సెక్షన్ 3 ఉల్లంఘనకు సొంత శిక్ష పెట్టలేదు, పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 188, అంటే అధికారి ఉత్తర్వు ధిక్కరణ, మీద వాలింది. మామూలుగా నెల జైలు లేదా 200 రూపాయల జరిమానా. మనుషుల ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు కలిగితే ఆరు నెలలు లేదా 1,000 రూపాయలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 223 వచ్చింది. అందులో మొదటి రకానికి ఆరు నెలలు, 2,500 రూపాయలు, రెండో రకానికి ఏడాది, 5,000. పాత 269 (నిర్లక్ష్యంగా రోగం అంటించడం) ఇప్పుడు 271, 270 (దురుద్దేశంతో) ఇప్పుడు 272, క్వారంటైన్ ధిక్కరణ 271 ఇప్పుడు 273. పాత 271, కొత్త 271 ఒకటి కావు, చిత్తుప్రతిలో తారుమారు కాకుండా చూసుకోండి. 1897 చట్టంలో ఇంకా ‘188’ అనే ఉందేమిటి అని ఎవరైనా అడిగితే జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 8 చూపించండి. రద్దయిన చట్టం పేరు ఉన్నచోట దాని స్థానంలో వచ్చింది చదువుకోవాలి.

188 కేసులు కోర్టులో ఎందుకు నిలవవు అంటే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195(1)(ఏ) వల్ల (ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 215). ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయాలి. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి ఛార్జిషీట్ వేసినంత మాత్రాన కోర్టు దాన్ని విచారణకు స్వీకరించకూడదు. 188 కింద పోలీసులు అసలు ఎఫ్ఐఆరే కట్టలేరని 2018లో మద్రాసు హైకోర్టు అంది. విపత్తు చట్టం సెక్షన్ 51(బి)కీ (ఆదేశాలు పాటించకపోవడం) ఇలాంటి తాళమే ఉంది, సెక్షన్ 60 రూపంలో: అధికారం ఉన్న సంస్థ లేదా ప్రభుత్వం ఫిర్యాదు చేయాలి, లేదా మామూలు మనిషి 30 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకెళ్లాలి. 51 శిక్ష ఏడాది దాకా, ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల దాకా.

ఇంకొకటి, ముద్దాయికి ఆ ఉత్తర్వు తెలుసని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. పల్లెలో టముకు వేయించిన తేదీ, గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించిన ఫొటో, మైకు కట్టిన ఆటో నంబరు. పంచాయతీ కార్యదర్శి రాసిపెట్టుకోవలసింది ఈ మూడే. ‘టీవీలో వచ్చింది కదా’ అంటే మేజిస్ట్రేట్ నవ్వుతారు.

వైద్య సిబ్బంది మీద దాడుల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 22 ఆర్డినెన్స్ (సెప్టెంబరులో చట్టం) దాన్ని నాన్-బెయిలబుల్ చేసింది. మూడు నెలల నుంచి ఐదేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు, లక్ష నుంచి 5 లక్షలు. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయిలో, 30 రోజుల్లో. ధ్వంసమైన ఆస్తికి మార్కెట్ విలువకు రెట్టింపు కట్టాలి. ఆశా కార్యకర్తలకు ఈ పేరా తెలియాలి.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. కాగితం పరీక్ష పేరాను ఫైలుదారం గారి అనుమతితో దాదాపు అలాగే వాడుకుంటాం. ఇంకో రెండు సందేహాలు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, పుల్లూరు టోల్‌గేటు దగ్గర మనవాళ్లను మనవాళ్లే ఆపేశారు. అలా ఆపే అధికారం రాష్ట్రానికి ఉందా? రెండోది, ఉద్యోగుల జీతాలు సగం ఆపారు. అది ఏ సెక్షన్?

చెక్‌పోస్టు

రెండు ఘటనలూ ఒకటి కావు, విడదీయాలి.

2020 మార్చి చివర్లో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించగానే వందల మంది పాసులు పట్టుకుని సొంతూళ్లకు బయలుదేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ ఆపింది. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికి అంది. ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందంటే, పాసు ఇచ్చింది ఒక రాష్ట్ర పోలీసులు, దాన్ని ఒప్పుకోవలసింది ఇంకో రాష్ట్రం. తెలంగాణ పోలీసు పాసు సరిహద్దుకు ఇవతలి దాకే. అప్పటికే కేంద్ర లాక్‌డౌన్ అమల్లో ఉంది గనుక, రాకపోకలు ఆపడం కేంద్ర ఆదేశానికి లోబడిన పనే. చట్టబలం లోటు లేదు, సమన్వయం లోటు.

2021 మేది వేరు. అప్పుడు దేశవ్యాప్త లాక్‌డౌన్ లేదు. 2020 జూన్ 1 నుంచే రాష్ట్రాల మధ్య ప్రయాణానికి విడి అనుమతి అక్కర్లేదని హోం శాఖ చెప్పేసింది. ఆంధ్రప్రదేశ్ మే 5 నుంచి మధ్యాహ్నం 12 నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ పెట్టుకుంది, తెలంగాణ మే 12 నుంచి ఉదయం 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపుతో లాక్‌డౌన్. ఎవరి ఇంట్లో వాళ్ల నియమం, బాగానే ఉంది. కానీ మే 11న తెలంగాణ ఒక మెమో ఇచ్చింది: బయటి రాష్ట్రాల కోవిడ్ రోగులు ముందే ఆసుపత్రిలో పడక ఖాయం చేసుకుని, కంట్రోల్ రూమ్ అనుమతి తీసుకుని రావాలి. కర్నూలు వైపు పుల్లూరు దగ్గర, కోదాడ వైపు రామాపురం దగ్గర అంబులెన్సులు ఆగిపోయాయి. మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది.

రాజ్యాంగం 19(1)(డి) ప్రకారం దేశమంతా తిరిగే హక్కు ఉంది. 19(5) కింద ‘చట్టం ద్వారా’ సహేతుకమైన ఆంక్ష పెట్టొచ్చు. పరిపాలనా మెమో చట్టం కాదు. పైగా వచ్చేవాడు రోగి గనుక 21వ అధికరణం కూడా తోడవుతుంది. వైద్యం అందే అవకాశాన్ని ఆధార్ కార్డులోని చిరునామా చూసి నిర్ణయించడం కుదరదు. హద్దు దగ్గర పరీక్ష చేయొచ్చు, క్వారంటైన్ పెట్టొచ్చు, సామూహిక రాకపోకలకు గంటలు పెట్టొచ్చు. అంబులెన్సును వెనక్కి తిప్పే అధికారం మాత్రం ఆ మెమోలో లేదు. కింది ఉద్యోగికి ఆచరణలో నియమం ఒకటే: అంబులెన్సు ఆపమని చెబితే రాతపూర్వక ఉత్తర్వు అడగాలి. రాకపోతే పంపించేసి, బండి నంబరు, సమయం పుస్తకంలో రాసుకోవాలి.

నల్లకోటు

జీతాల సంగతి నాది.

360 కింద ఆర్థిక ఎమర్జెన్సీ ఉంటే ప్రభుత్వోద్యోగుల జీతాలు తగ్గించమని ఆదేశించవచ్చని రాజ్యాంగంలోనే ఉంది. అది పెట్టలేదు. పెట్టకుండానే 2020 మార్చి చివర్లో రెండు రాష్ట్రాలూ జీవోలు ఇచ్చాయి. తెలంగాణలో ముఖ్యమంత్రి, ఎమ్మెల్యేలకు 75 శాతం, అఖిల భారత సర్వీసులకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతికి 10 శాతం నిలుపుదల. పింఛన్లు కూడా సగం. హైకోర్టు ‘ఏ చట్టం కింద?’ అని నిలదీసింది. జూన్ 16న తెలంగాణ విపత్తు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి (ప్రత్యేక నిబంధనలు) ఆర్డినెన్స్ వచ్చింది. 50 శాతం దాకా వాయిదా వేసే అధికారం అందులో పెట్టారు. చూశారా, మీరు వెతికే ‘అత్యవసర పరిస్థితి’ అన్న మాట చివరికి దొరికింది, కాకపోతే జీతాల ఆర్డినెన్స్‌లో! అది రాష్ట్రమంతటా ఎమర్జెన్సీ పెట్టిన చట్టం కాదు, ఖజానాకు సంబంధించినది.

ఆంధ్రప్రదేశ్ విషయం కోర్టుల్లో చివరిదాకా నడిచింది. వాయిదా వేసిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో ఇవ్వమని 2020 ఆగస్టులో హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ వడ్డీ మాత్రం ఇవ్వాల్సిందేనంది. చేసిన పనికి జీతం హక్కు, ఆలస్యమైతే మూల్యం కట్టాలి. అంతే.

ఇదే వరుసలో గుజరాత్ కేసు చదివితే ఇంకా స్పష్టమవుతుంది. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 5లోని ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ని వాడుకుని రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చని, రెట్టింపు ఓవర్‌టైమ్ అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. మహమ్మారి దేశ భద్రతకు ముప్పు తెచ్చే అంతర్గత కల్లోలం కాదు, కాబట్టి ఆ సెక్షన్‌లోని ఎమర్జెన్సీ కాదు అంది. అందుకే నోట్సులో ఆ మాట వాడొద్దని మొదటే చెప్పాను. జనం మాట్లాడుకునే ఎమర్జెన్సీ వేరు, సెక్షన్‌లో రాసిన ఎమర్జెన్సీ వేరు.

అమీనా గారి దానికి చిన్న చేర్పు. 2025లో విపత్తు చట్టానికి సవరణ వచ్చింది. కొత్త సెక్షన్ 60ఏ కింద ప్రభుత్వం ఎవరినైనా ‘ఇది చేయి’ లేదా ‘ఇది మానుకో’ అని ఆదేశించి, వినకపోతే 10,000 దాకా జరిమానా వేయవచ్చు. మాస్కు జరిమానాలప్పుడు లేని సౌకర్యం ఇది. కార్పొరేషన్ ఉన్న నగరాలకు మునిసిపల్ కమిషనర్ అధ్యక్షతన పట్టణ విపత్తు సంస్థ కూడా వచ్చింది, కలెక్టర్ అందులో ఉపాధ్యక్షుడు. అంటే రేపు నగరంలో కంటైన్‌మెంట్ ఉత్తర్వు మీద ఎవరి సంతకం ఉండాలన్నది 2020 నాటి నమూనా చూసి రాయకూడదు.

యారా ఒడ్డు

మెల్‌బోర్న్ నుంచి. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామంది చూసిందే గనుక పోలిక కోసం రాస్తున్నా. ‘ప్రాంతీయ ఎమర్జెన్సీ’ని నిజంగా ప్రకటించడం ఎలా ఉంటుందో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కనబడుతుంది.

2008 నాటి ప్రజారోగ్య సంక్షేమ చట్టం కింద రాష్ట్ర ఆరోగ్య మంత్రి 2020 మార్చి 16న ‘స్టేట్ ఆఫ్ ఎమర్జెన్సీ’ ప్రకటించారు. ఒక్కో విడత నాలుగు వారాలు, మొత్తం కలిపి ఆరు నెలలకు మించకూడదని చట్టమే చెప్పింది. ఆరు నెలలు దగ్గరపడగానే పార్లమెంటుకు వెళ్లి ఆ పరిమితిని సవరించుకోవాల్సి వచ్చింది, మళ్లీ 2021లో ఇంకోసారి. చివరికి డిసెంబరు 15న అది ముగిసి ‘పాండమిక్ డిక్లరేషన్’ అనే కొత్త పద్ధతి వచ్చింది. మీ 1897 చట్టంలో ఇలాంటి గడియారం లేదు. ‘తాత్కాలిక’ అన్న మాట తప్ప రోజుల లెక్క లేదు. పెద్ద తేడా ఇదే.

రెండో వేవ్‌లో 2020 ఆగస్టు 2న దాని మీద ‘స్టేట్ ఆఫ్ డిజాస్టర్’ కూడా వేశారు, 1986 చట్టం కింద, నవంబరు 8 దాకా. మెల్‌బోర్న్‌కు రాత్రి 8 నుంచి ఉదయం 5 కర్ఫ్యూ, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు, రోజుకు గంట వ్యాయామం. రాష్ట్రంలోని మిగతా ఊళ్లకు తక్కువ ఆంక్షలు, మధ్యలో పోలీసు గొలుసు. మామూలు ఉల్లంఘనకు అక్కడికక్కడే 1,652 డాలర్లు.

ఇక్కడా గీతల దగ్గరే తప్పులు జరిగాయి, ఫైలుదారం గారు చెప్పినట్టే. జూలై మొదట్లో పది పోస్టల్ కోడ్‌లు మాత్రం మూశారు. వీధికి ఇటు మూత, అటు తెరుపు. జూలై 4న తొమ్మిది ప్రభుత్వ నివాస టవర్లను సాయంత్రానికి సాయంత్రం, ముందస్తు హెచ్చరిక లేకుండా మూసేశారు. అలా ఉన్నపళంగా మూయడం మానవ హక్కుల చట్టానికి విరుద్ధమని రాష్ట్ర అంబుడ్స్‌మన్ (ప్రజల ఫిర్యాదులు విచారించే అధికారి) ఆ డిసెంబరులో నివేదిక ఇచ్చారు. కర్ఫ్యూ మీద మాత్రం కేసు వేసినావిడ ఓడిపోయారు, రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లుతుందంది. ఆంక్ష కఠినమైనా నిలబడింది. తయారీ లేని గీత నిలబడలేదు.

గోదారిగట్టు

పాత కేసుల మీద చివరి ప్రశ్న. 2020లో 188 కింద ఎఫ్ఐఆర్ అయి, ఆ తర్వాత ఏ కబురూ లేనివాళ్లు మండల కార్యాలయానికి వచ్చి అడుగుతున్నారు. పాస్‌పోర్టు పోలీసు విచారణలో అడ్డం వస్తుందని భయం. వాళ్లకు ఏం చెప్పాలి?

అమీనా

ముందు స్టేషన్‌లో ఆ ఎఫ్ఐఆర్ స్థితి తెలుసుకోమనండి. మూసేశారా, ఛార్జిషీట్ వేశారా, కోర్టు నంబరు పడిందా. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు.

కోర్టు ఇంతవరకూ కేసును స్వీకరించకపోతే కాలపరిమితి చూడాలి. ఏడాది లోపు శిక్ష ఉన్న నేరానికి, అంటే 188కి, 51(బి) మొదటి రకానికి, పరిమితి ఏడాది. 270 గానీ, ప్రాణనష్టం ఉన్న 51 గానీ అయితే మూడేళ్లు. కాకపోతే 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు లెక్క నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు ఇచ్చి చూసినా 188కి 2023 ఫిబ్రవరితోనే గడువు తీరింది. ప్రాసిక్యూషన్ ఆలస్యానికి మన్నింపు అడిగే వీలు ఉంది, కానీ మాస్కు కేసుకు ఎవరూ అంత శ్రమ పడరు.

కోర్టు నంబరు పడి ఉంటే మాత్రం జరిమానా కట్టేసి వదిలించుకుందామని తొందరపడొద్దని చెప్పండి. నేరం ఒప్పుకుని 200 కట్టినా అది శిక్ష పడినట్టే రికార్డులో ఉంటుంది. 195 కింద అధికారి ఫిర్యాదు లేదన్న అభ్యంతరం ముందు వేయించాలి. ఆ పిటిషన్‌కు ఎఫ్ఐఆర్, ఛార్జిషీట్ ధృవీకృత ప్రతులు, ఆ రోజు అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రతి జతచేయాలి. ఉత్తర్వు ప్రతి స్టేషన్‌లో దొరక్కపోతే, ఫిర్యాదులో ఏ ఉత్తర్వు ఉల్లంఘించాడో నంబరు, తేదీ లేదన్నదే రెండో అభ్యంతరం.